కెర్నెల్‌నందు వనరుల ప్రాంతములు: కేటాయింపు, విడుదల

కంప్యూటరులోని పరికరములను ప్రాసెసరు పేరుతో ఎఱుగదు, అంకెలతోనే ఎఱుగును. కీబోర్డు గాని, డిస్కు గాని, నెట్‌వర్కు కార్డు గాని తన లోపలి రిజిస్టరులను అడ్రసుల వరుసలో ఒకచోట నిలిపి, ఆ చోటికి వచ్చిన చదువులను, వ్రాతలను తనవిగా స్వీకరించును. ఇట్లు ఒక పరికరమునకు చెందిన, మొదలును తుదియు తెలిసిన, ఎడతెగని అడ్రసుల వరుసకు వనరుల ప్రాంతమని వ్యవహారము. ఏ ప్రాంతము ఎవరి వశమున నున్నదో లెక్క వ్రాసికొనుట, అడిగినవారికి ఖాళీ యున్నచో ఇచ్చుట, పని తీరిన పిదప తిరిగి తీసికొనుట అను మూడు పనులు ఆపరేటింగు సిస్టముయొక్క మూలభాగమైన కెర్నెల్‌కు విధ్యుక్తములు. ఈ వ్యాసమున లినక్స్ కెర్నెల్ అనుసరించు పద్ధతి ప్రధానముగాను, ఇతర వ్యవస్థల పద్ధతులు సంగ్రహముగాను వివరింపబడును.

స్వరూపము

పరికరముల రిజిస్టరులను చేరుటకు రెండు మార్గములు కలవు. ఇంటెల్ వంశపు ప్రాసెసరులలో మెమొరీ అడ్రసులకు వేరుగా 65,536 పోర్టుల వరుస యొకటి కలదు. దానిని చదువుటకును, దానియందు వ్రాయుటకును ఉద్దేశింపబడిన ప్రత్యేకమైన ఆజ్ఞలు 1978 నాటి 8086 ప్రాసెసరునుండి నేటివఱకును నిలిచియున్నవి. రెండవ మార్గమున పరికరపు రిజిస్టరులు మెమొరీ అడ్రసుల నడుమనే అమరియుండును. 1970లో వెలువడిన పి.డి.పి.-11 అను కంప్యూటరులో అడ్రసుల వరుసయొక్క పైకొసనున్న 8 కిలోబైట్లు పరికరములకే విడిచిపెట్టబడెను. నేటి పరికరములలో అధికభాగము ఈ రెండవ మార్గమునే అవలంబించుచున్నవి.

పర్సనల్ కంప్యూటరునందు కొన్ని ప్రాంతములు ఆచారవశమున స్థిరపడినవి. దశాంశ సంఖ్యలలో చెప్పవలెనన్నచో, టైమరునకు 64 మొదలు 67 వఱకుగల పోర్టులును, కీబోర్డునకు 96, 100 పోర్టులును, మొదటి సీరియల్ పోర్టునకు 1016 మొదలు 1023 వఱకును, రెండవదానికి 760 మొదలు 767 వఱకును చెల్లును. తెరమీది బొమ్మను నిలుపు వీడియో మెమొరీ 640 కిలోబైట్ల హద్దు దాటిన వెంటనే మొదలై 128 కిలోబైట్ల మేర వ్యాపించును. ఇందు తుది అంకె కూడ ప్రాంతములోనిదే యని గమనింపవలెను. 1023లోనుండి 1016ను తీసివేయగా వచ్చునది ఏడు. కాని పోర్టులు ఎనిమిది. ఈ ఒక్క అంకెను మఱచుటవలన, పరికరములను నడుపు ప్రోగ్రాములైన డ్రైవరులలో దొరలిన దోషములు పెక్కు. వానిని నివారించుటకే ప్రాంతపు పరిమాణమును లెక్కించి యిచ్చు ‘రిసోర్స్ సైజ్’ అను చిన్న సాధనము కెర్నెల్‌లో చేర్చబడినది.

సామాన్యమైన మెమొరీ కేటాయింపునకును, ప్రాంతముల కేటాయింపునకును మౌలికమైన భేదము కలదు. మెమొరీ కోరిన ప్రోగ్రామునకు ఏ పుట ఇచ్చినను ఒక్కటే. ఒక పుటకు బదులు వేఱొక పుట పనికివచ్చును. కావున 1965లో కెనెత్ నోల్టన్ ప్రతిపాదించిన జంటల పద్ధతియు, 1994లో జెఫ్ బాన్‌విక్ వివరించిన స్లాబ్ పద్ధతియు ఆ పుటలను ఎంత వేగముగా, ఎంత తక్కువ వృథాతో పంచిపెట్టవచ్చునను విచారమునకే ప్రాధాన్యమిచ్చినవి. ప్రాంతముల విషయమున నట్లు కాదు. సీరియల్ పోర్టు డ్రైవరునకు 1016 కావలెనన్నచో 1032 ఇచ్చిన ప్రయోజనము లేదు. ఆ స్థానమున వేఱొక పరికరము ఉండవచ్చును. అందుచేత ఇక్కడ వేగముకంటె యథార్థమైన లెక్కయే ముఖ్యము. కోరికలు యంత్రము మొదలైనప్పుడును, పరికరము కలిపినప్పుడును, తీసినప్పుడును మాత్రమే వచ్చునుగాని క్షణక్షణమును రావు.

పూర్వచరిత్ర

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడిన నాట, కార్డుమీది చిన్న లోహపు తొడుగులను మార్చి ఏ పోర్టు ఎవరిదో మనుష్యుడే నిర్ణయించెడివాడు. రెండు కార్డులకు ఒకే అంకె పడినచో రెండును చెడుగా ప్రవర్తించును. ఎందుకు చెడినవో చెప్పువారుండరు. డ్రైవరునకు కూడ తన కార్డు ఎక్కడ నున్నదో ముందుగా తెలియదు గనుక, అది అనుమానమున్న పోర్టులన్నిటిని తట్టి చూచి, వచ్చిన సమాధానమునుబట్టి గుర్తించెడిది. ఈ తట్టిచూచు పనిలో మఱియొక కార్డుయొక్క పోర్టున ఏదో అంకె వ్రాయబడి యంత్రము స్తంభించిపోవుటయు కలదు. అట్టి కార్డులున్నవారు యంత్రమును మొదలిడునప్పుడే ఫలానా పోర్టులను తట్టవలదని చెప్పుకొనుటకు లినక్స్‌లో ‘రిజర్వ్’ అను సూచన ఏర్పడినది.

తొలినాళ్ల లినక్స్‌లో ప్రాంతముల లెక్క పరిమితమైన నిడివిగల ఒక సాదా పట్టికగా నుండెను. డ్రైవరు మొదట ప్రాంతము ఖాళీగా నున్నదా యని అడుగును. ఖాళీయని తెలిసిన పిదప పరికరమును పరీక్షించును. ఆ తరువాతనే తన పేరు వ్రాయించుకొనును. అడుగుటకును వ్రాయించుకొనుటకును నడుమ వ్యవధి యుండుట ఈ పద్ధతిలోని లోపము. ఒకే ప్రాసెసరు ఒకే పని చేయుచున్నంతకాలము ఈ వ్యవధి హాని చేయలేదు. అనేక ప్రాసెసరులు కలిసి పనిచేయు యంత్రములు వచ్చినంతనే, ఇద్దరు డ్రైవరులు ఒకే ప్రాంతమును ఒకే క్షణమున ఖాళీగా చూచి ఇద్దరును దానిని తమదిగా తలచుటకు అవకాశము ఏర్పడెను. అడుగుట వేఱు, తీసికొనుట వేఱు కారాదు; రెండును విడదీయరాని ఒకే క్రియ కావలెను అను సూత్రము ఈ అనుభవమునుండి స్థిరపడినది. ‘చెక్ రీజియన్’ అను పాత ప్రశ్న క్రమముగా వదలివేయబడి తుదకు కెర్నెల్‌నుండి తొలగింపబడెను.

1999లో లైనస్ టోర్వాల్డ్స్, చెక్ దేశీయుడైన మార్టిన్ మారెష్ కలిసి ఈ లెక్కను పట్టికగా గాక వృక్షముగా తిరిగి నిర్మించిరి. 2001 జనవరిలో వెలువడిన లినక్స్ 2.4తో ఈ నిర్మాణము సర్వత్ర వ్యాప్తిలోనికి వచ్చి, స్వల్పమైన మార్పులతో నేటికిని నిలిచియున్నది.

వనరుల వృక్షము

వృక్షములోని ప్రతి కణుపునందును మొదలు, తుది, పేరు, లక్షణములను తెలుపు గుర్తులు, తల్లి, తోబుట్టువు, బిడ్డ అను మూడు సంబంధములు వ్రాయబడియుండును. పోర్టులకు ఒక వృక్షము, మెమొరీ అడ్రసులకు ఒక వృక్షము చొప్పున రెండు కలవు. రెండింటికిని మూలస్థానమున ఆ వరుసయంతయు ఒకే ప్రాంతముగా నుండును. దానిక్రింద బస్‌లు, బస్‌ల క్రింద పరికరములు, పరికరముల క్రింద డ్రైవరులు క్రమముగా అమరును. ఒక తల్లి బిడ్డలందఱును అడ్రసుల ఆరోహణక్రమమున నిలుతురు. ఎవరును తల్లి హద్దులను దాటరాదు. ఏ యిరువురును ఒకరిపై ఒకరు పడరాదు. వృక్షమును చదువువారు ఎందఱైనను ఒకేసారి చదువవచ్చును; మార్చువాడు మాత్రము ఒక్కడే యుండవలెను. ఇందులకు తగిన తాళమొకటి వృక్షమంతటికిని కలదు.

దీనిని బోధపఱచుకొనుటకు మన గ్రామముల భూమిలెక్క తగిన దృష్టాంతము. బేస్తవారిపేట మండలములోని ఏ రెవెన్యూ గ్రామమునైనను తీసికొన్నచో, గ్రామపు విస్తీర్ణమంతయు సర్వే నంబరులుగా విభజింపబడి, ఒక్కొక్క నంబరు అన్నదమ్ముల పంపకములతోను, క్రయవిక్రయములతోను సబ్‌డివిజనులుగా చీలియుండును. ఏ సబ్‌డివిజనును తన మూల నంబరు హద్దులు దాటరాదు. రెండు సబ్‌డివిజనులు ఒకే నేలను చెప్పుకొనరాదు. పట్టాదారు లేని నేల బంజరుగానో పోరంబోకుగానో ఆ లెక్కలోనే నిలిచియుండును. కెర్నెల్ వృక్షమునకును ఈ నియమములే వర్తించును. అంతేకాదు, అడంగలులో పేరెక్కినంతమాత్రమున పొలముగట్టుమీద కావలి యేర్పడదు. లెక్క చూడక దున్నదలచినవాని చేయి లెక్క పట్టుకొనజాలదు. కెర్నెల్ లెక్కకును ఇదియే పరిమితి. ఒక డ్రైవరు ఎవరిని అడుగకయే ఒక ప్రాంతమున వ్రాసినచో వృక్షము దానిని ఆపదు. అందఱును ముందుగా అడుగుదురను ఒడంబడికమీదనే ఈ కట్టడమంతయు నిలిచియున్నది.

ఈ లెక్కను ఎవరైనను చూడవచ్చును. లినక్స్ నడుచుచున్న ఏ కంప్యూటరునందైనను ‘ప్రాక్’ అను డైరెక్టరీలో ‘ఐఓపోర్ట్స్’, ‘ఐఓమెమ్’ అను రెండు ఫైళ్లు కనబడును; తల్లిబిడ్డల సంబంధము పంక్తులను లోపలికి జరిపి వ్రాయుటచే వ్యక్తమగును. రెండవ ఫైలులో పరికరములతోబాటు యంత్రములోని మెమొరీయును, దానిలో కెర్నెల్ నిలిచిన భాగమును, యంత్రము కూలినప్పుడు కారణము పరిశీలించుటకై ముందే ప్రక్కనబెట్టిన భాగమును కూడ చేరియుండును. ఈ అడ్రసులు దుర్మార్గులకు ఉపకరింపకుండుటకై, తగిన అధికారము లేని వాడుకరికి అంకెల స్థానమున సున్నలే చూపబడును.

కేటాయింపు విధములు

ప్రాంతమును పొందుటకు వృక్షమున మూడు త్రోవలు కలవు. మొదటిది కోరుట. డ్రైవరు ఫలానా మొదలునుండి ఇంత నిడివి కావలెనని ‘రిక్వెస్ట్ రీజియన్’ ద్వారా అడుగును. కెర్నెల్ తాళమువేసి, మూలమునుండి దిగుచు ఆ స్థానమును వెదకును. అక్కడ బస్ వంటి విశాలమైన కణుపు ఎదురై, అది ఇంకను ఎవరి వాడుకలోను లేనిదైనచో దాని లోనికి దిగి వెదకుట సాగించును. వాడుకలోనున్నదను గుర్తుగల కణుపు తగిలినచో కోరిక నిరాకరింపబడును. ఖాళీగా నున్నచో అదే తాళముక్రింద క్రొత్త కణుపు చేర్చి, వాడుక గుర్తు పెట్టి, దానిని డ్రైవరునకు అప్పగించును. అడుగుటయు తీసికొనుటయు ఇట్లు ఒకే క్రియయైనవి. నిరాకరింపబడిన డ్రైవరు తన ప్రయత్నమును విరమించుకొనవలెనే గాని బలవంతముగా సాగరాదు.

రెండవది ఇమిడ్చుట. యంత్రముతోబాటే వచ్చు ప్రోగ్రామైన ఫర్మ్‌వేరు తెలిపిన ఒక పెద్ద ప్రాంతము లెక్కలోనికి ఆలస్యముగా వచ్చుటయు, అంతకుముందే దాని లోపలి చిన్న ప్రాంతములు వ్రాయబడియుండుటయు కలదు. అప్పుడు క్రొత్త కణుపు పాతవానికి తల్లియై, వానిని తనక్రిందికి తీసికొనును. పాతవి సంపూర్ణముగా లోపల ఇమిడినప్పుడే ఇది సాధ్యము. సగము లోపల, సగము బయట నున్నచో కోరిక విఫలమగును.

మూడవది వెదకి యిచ్చుట. ఇందు అడుగువాడు స్థానమును చెప్పడు. పరిమాణమును, ఏ హద్దుల నడుమ నుండవలెనో, ఏ సంఖ్యచే మొదలు భాగింపబడవలెనో మాత్రమే చెప్పును. దీని ప్రయోజనము 1992లో ఇంటెల్ ప్రవేశపెట్టిన పి.సి.ఐ. బస్‌తో బయలుపడినది. పి.సి.ఐ. పరికరమునకు స్థిరమైన అడ్రసు లేదు. సాధారణమైన పరికరమున ఆరు వఱకు మూలాడ్రసు రిజిస్టరులుండును, వానియందు ఏ అడ్రసు వ్రాసినచో అక్కడ అది పలుకును. ఎంత చోటు కావలెనో తెలిసికొను ఉపాయము చమత్కారమైనది: ఆ రిజిస్టరునందు అన్ని స్థానములలోను ఒకట్లు వ్రాసి తిరిగి చదివినచో, క్రింది స్థానములలో మాఱక నిలిచిన సున్నలు పరికరము కోరు పరిమాణమును తెలుపును. ఈ పరిమాణము ఎల్లప్పుడును రెండుయొక్క ఘాతముగానే యుండును. మొదలు కూడ ఆ పరిమాణముచే నిశ్శేషముగా భాగింపబడవలెను.

ఒక బస్‌ను మఱియొక బస్‌తో కలుపు బ్రిడ్జిలు నడుమ నున్నప్పుడు సమస్య జటిలమగును. బ్రిడ్జి తనవెనుకనున్న పరికరములన్నిటికిని కలిపి ఒకే కిటికీ తెఱచును; మెమొరీ కిటికీలు 1 మెగాబైటు మెట్లలోను, పోర్టు కిటికీలు 4 కిలోబైట్ల మెట్లలోను మాత్రమే కొలువబడును. కావున క్రిందివారి కోరికలను మొదట కూడి, పైవానికి తెలిపి, పిదప పైనుండి క్రిందికి పంచవలసియుండును. పంచునప్పుడు పెద్ద కోరికలను ముందు తీర్చి చిన్నవానిని తరువాత ఇఱికించినచో నడుమ వృథా తగ్గును. లినక్స్ ఈ క్రమమునే పాటించును. సాధారణముగా ఫర్మ్‌వేరు ముందే పంచిన పంపకమును కెర్నెల్ అంగీకరించి లెక్కలో వ్రాసికొనును. అది అసంపూర్ణముగనో, పరస్పర విరుద్ధముగనో యున్నచో మాత్రమే తాను తిరిగి పంచును. యంత్రము నడుచుచుండగా క్రొత్త కార్డు చేర్చబడినచో, ముందుగా బ్రిడ్జికి అదనపు చోటు విడిచియుండకున్న ఇచ్చుటకు ఖాళీ దొరకకపోవచ్చును.

ఈ మూడింటికిని వేఱుగా ఒక ఉమ్మడి వాడుకయు కలదు. తల్లిబోర్డుమీది సూపర్ ఐ.ఓ. చిప్పు తన లోపలి అమరికలనన్నిటిని 46, 47 అను రెండు పోర్టులద్వారముననే చూపుట తఱచు. ఉష్ణమానపు డ్రైవరునకును, యంత్రము స్తంభించినప్పుడు తిరిగి లేపు డ్రైవరునకును ఆ రెండే పోర్టులు కావలెను; కాని ఒక్కొక్కరికి క్షణకాలమే కావలెను. ఇట్టివారికై 2010లో ‘మక్స్‌డ్’ అను గుర్తు చేర్చబడినది. ఈ గుర్తుతో అడిగినవానికి ప్రాంతము మఱియొకని వాడుకలో నున్నచో నిరాకరణకు బదులు నిరీక్షణ లభించును. ముందువాడు విడిచినంతనే వీనికి వంతు వచ్చును.

లెక్కయు రక్షణయు

లెక్క వేఱు, రక్షణ వేఱు అను విషయమును 2008లో జరిగిన ఒక ఘటన లోకమునకు విశదపఱచెను. లినక్స్ 2.6.27 ఇంకను పరీక్షాదశయందుండగా, ఇంటెల్ గిగాబిట్ నెట్‌వర్కు కార్డులు కొన్నింటిలో, విద్యుత్తు లేకున్నను నిలిచియుండు మెమొరీ చెడిపోయి, కార్డులు నిరుపయోగములగుచుండెను. ఆ కార్డులను నడుపు డ్రైవరు పేరు ‘ఇ1000ఇ’. అనుమానము మొదట డ్రైవరుమీదను, పిమ్మట చిత్రములను చూపు ఎక్స్ సర్వరుమీదను పడెను. అసలు కారణము వేఱుచోట నుండెను.

కెర్నెల్ ప్రవర్తనను పరిశీలించుటకై ఆ విడుదలలో చేర్చబడిన ‘ఎఫ్‌ట్రేస్’ అను సాధనము, తాను తరువాత సవరింపవలసిన ఆజ్ఞల అడ్రసులను ఒక జాబితాగా వ్రాసి యుంచుకొనెను. వానిలో కొన్ని ఆజ్ఞలు మాడ్యూలు మొదలగునప్పుడు మాత్రమే పనికివచ్చు భాగమునకు చెందినవి; ఆ భాగము పనితీరిన పిదప విడుదల చేయబడెను. విడుదలయైన ఆ అడ్రసులే పిమ్మట నెట్‌వర్కు కార్డు రిజిస్టరులను చూచుటకై కెర్నెల్ మ్యాప్ చేసిన చోటుగా మాఱెను. ఎఫ్‌ట్రేస్ తన జాబితా చొప్పున అక్కడ పాత ఆజ్ఞ యున్నదేమోనని పోల్చి చూచెను. పోల్చుటకు వాడిన ప్రాసెసరు ఆజ్ఞ, సరిపోలకున్నను ఏదో యొకటి తిరిగి వ్రాయు స్వభావము గలది. సామాన్యమైన మెమొరీలో నిరపాయమైన ఆ వ్రాత కార్డు రిజిస్టరులమీద పడి కార్డునే చెఱచెను. వృక్షములోని లెక్కకు ఈ దోషమున ఏ లోపమును లేదు. కార్డుయొక్క ప్రాంతము తన డ్రైవరు పేరనే యుండెను. విడువబడిన చోటు విడువబడినదని మఱియొకరు ఎఱుగకుండుటయే దీని మూలము.

ఈ వెదకులాటలో, కెర్నెల్ బయటి ప్రోగ్రాములు డ్రైవరు ప్రాంతములను నేరుగా అందుకొనగలవను భయము బలపడినది. తత్ఫలితముగా 2009లో ‘ఎక్స్‌క్లూజివ్’ అను గుర్తు వృక్షమున చేర్చబడెను. ఈ గుర్తుతో తీసికొన్న ప్రాంతమును బయటి ప్రోగ్రాము మెమొరీ ఫైలుద్వారా మ్యాప్ చేయబోయినచో కెర్నెల్ నిరాకరించును. లెక్కకు ఇట్లు కొంతమేర రక్షణబలము కలిగినది. అయినను కెర్నెల్ లోపలి డ్రైవరులకు పరస్పర విశ్వాసమే నేటికిని ఆధారము.

విడుదల

కేటాయింపున పొరపాటు జరిగినచో అది వెంటనే బయటపడును. కోరినది దొరకదు, పరికరము పనిచేయదు. విడుదలలోని పొరపాటు అట్లు కాదు. విడువవలసినదానిని విడువకున్నచో, డ్రైవరును తీసివేసి తిరిగి చేర్చునంతవఱకు ఎవరికిని తెలియదు. చేర్చినప్పుడు తన ప్రాంతమే తనకు వాడుకలో నున్నట్లు కనబడి నిరాకరింపబడును. ముందుగా విడిచినచో మఱింత అపాయము. ఆ చోటు వేఱొకరికి సంక్రమించిన పిదప పాతవాడు వ్రాసిన వ్రాత ఎక్కడికి పోవునో చెప్పజాలము. అందుచే ఈ శాస్త్రమున శ్రమయంతయు విడుదలయందే కేంద్రీకృతమైనది.

విడుదలకు మొదటి నియమము యథాతథత్వము. ఏ మొదలు, ఏ తుదితో తీసికొన్నదో అదే మొదలు, అదే తుదితో విడువవలెను. సరిపోలు కణుపు దొరకనిచో కెర్నెల్ లేని వనరును విడువ యత్నించుచున్నారని హెచ్చరిక ముద్రించి ఊరకుండును. నడుచుచున్న యంత్రమునుండి మెమొరీ భాగములను తీసివేయు సందర్భమునకు మాత్రము మినహాయింపు కలదు. అక్కడ పెద్ద ప్రాంతమును కుదించుటకో, నడుమ భాగమును తీసి రెండుగా చీల్చుటకో తగిన వేఱొక విధానము 2013లో ఏర్పడినది.

రెండవ నియమము క్రమము. డ్రైవరు పరికరమును మేలుకొల్పి, ప్రాంతమును కోరి, దానిని మ్యాప్ చేసికొని, అంతరాయపు సంకేతమును అందుకొను ఏర్పాటు చేసికొని, తుదకు తాను సిద్ధముగా నున్నానని పై వ్యవస్థకు తెలుపును. విడుచునప్పుడు సరిగా దీనికి విలోమముగా నడువవలెను. పై వ్యవస్థనుండి తొలగకముందే మ్యాప్ తీసివేసినచో, అప్పుడే వచ్చిన కోరిక లేని అడ్రసున వ్రాయును. పరికరమును ఆపకముందే దాని మెమొరీని విడిచినచో, పరికరము తనంతట తాను ఇంకను అందు వ్రాయుచునే యుండవచ్చును.

మూడవ నియమము మధ్యవైఫల్యమునకు సంబంధించినది. నాలుగవ మెట్టున విఫలమైన డ్రైవరు మొదటి మూడింటిని మాత్రము, విలోమక్రమమున, విడువవలెను, ఐదవదానిని విడువరాదు. దీనికై సి భాషలో వ్రాయు డ్రైవరుల చివర ‘గోటూ’ ఆజ్ఞలతో దిగు మెట్లవరుస యొకటి వ్రాయుట సంప్రదాయమైనది. ఆ మెట్లు వైఫల్యము కలిగినప్పుడే నడుచును గనుక వానిని పరీక్షించుట అరుదు; అరుదుగా పరీక్షింపబడుటవలన దోషములు వానియందే దాగియుండును.

ఈ దుస్థితికి 2007లో తేజున్ హో ప్రవేశపెట్టిన ‘డెవ్‌రెస్’ విధానము పరిష్కారము చూపెను. లినక్స్ 2.6.21తో వచ్చిన ఈ విధానమున ప్రతి పరికరమునకును ఒక జాబితా యుండును. డ్రైవరు ‘డెవ్ఎం’ అను ఉపసర్గ గల పిలుపుతో ప్రాంతమును కోరినచో, కేటాయింపుతోబాటు దానిని విడుచు పద్ధతియు ఆ జాబితాలో వ్రాయబడును. పరికరము తొలగింపబడినను, డ్రైవరు మొదలగునప్పుడే విఫలమైనను, కెర్నెల్ జాబితాను చివరినుండి మొదటికి చదివి ఒక్కొక్కటిగా విడుచును. విడుచు బాధ్యత డ్రైవరు వ్రాసినవాని జ్ఞాపకశక్తినుండి వ్యవస్థకు సంక్రమించినది. 2013లో ప్రాంతమును కోరుటను, మ్యాప్ చేయుటను కలిపి ఒకే పిలుపుగా చేయు ‘డెవ్ఎం ఐఓరీమ్యాప్ రిసోర్స్’ వచ్చెను. ఆ పిలుపువలన ఒక ఉపకారము కలిగినది: కోరక మ్యాప్ చేసికొనుటకంటె కోరి మ్యాప్ చేసికొనుటయే సులభమైనది.

అయినను ఈ విధానము సర్వరోగ నివారిణి కాదు. పరికరము తొలగిన క్షణముననే దాని జాబితాలోనివన్నియు విడుదలయగును. కాని వాడుకరి ప్రోగ్రామొకటి ఆ పరికరపు ఫైలును ఇంకను తెఱచియుంచినచో, ఆ ఫైలుకు ఆధారమైన మెమొరీ కూడ అంతరించును. పరికరము ఉన్నంతకాలము బ్రతుకవలసినవి, ఫైలు తెఱచియున్నంతకాలము బ్రతుకవలసినవి అని వేఱుచేసి చూడవలసిన భారము వ్రాయువానిమీదనే నిలిచినది. 2022 డిసెంబరున వెలువడిన లినక్స్ 6.1తో కెర్నెల్‌లో అడుగిడిన రస్ట్ భాషయందు ఈ ఆయుఃప్రమాణములు వ్రాతలోనే వ్యక్తమై, వానిలోని విరోధములలో పెక్కింటిని కంపైలరు ముందే పసిగట్టును. 2023లో సి భాషలోని కెర్నెల్ భాగమునకును, బ్లాకు దాటినంతనే తీసికొన్నది తనంతట విడుదలయగు ఏర్పాటు చేర్చబడినది.

ఇతర వ్యవస్థలు

నెట్‌బి.ఎస్.డి. వారు 1996 నుండియు ‘ఎక్స్‌టెంట్’ అను పేర అడ్రసుల పంపకమునకు వేఱొక లెక్కను వాడిరి. ఫ్రీబి.ఎస్.డి.లో 1998లో గారెట్ వోల్‌మన్ నిర్మించిన ‘ఆర్‌మన్’ ప్రాంతమును కేటాయించుటను, చేతనము చేయుటను రెండు వేఱువేఱు క్రియలుగా విభజించెను. తనకు నియమింపబడినదానిని డ్రైవరు వాడుకలోనికి తెచ్చుకొనుట తరువాతి మెట్టు. సోలారిస్ కొఱకు బాన్‌విక్, జొనాథన్ ఆడమ్స్ రూపొందించి 2001లో వివరించిన ‘వీమెమ్’ అడ్రసులకును, ఇతరములైన అంకెల పంపకములకును ఒకే సాధనము చాలునని నిరూపించెను. విండోస్ 2000 నుండి మైక్రోసాఫ్ట్ వారి పద్ధతి మఱింత కేంద్రీకృతమైనది: డ్రైవరు తనకు ఏయే ప్రత్యామ్నాయములు సమ్మతములో జాబితాగా సమర్పించును; నిర్ణయము వ్యవస్థదే. క్రొత్త పరికరమునకు చోటు చాలనిచో, నడుచుచున్న పరికరములను కొన్నింటిని క్షణకాలము నిలిపి, వాని ప్రాంతములను మార్చి, తిరిగి నడుపు అధికారమును వ్యవస్థకు కలదు. లినక్స్‌లో డ్రైవరు వద్దనున్న ప్రాంతమును అతనికి తెలియక మార్చుట అలవాటు కాదు.

తెలుగునాట

కంప్యూటరు యంత్రనిర్మాణమునకు తెలుగునాట నాంది పలికినది 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. దాని స్థాపకుడైన అయ్యగారి సాంబశివరావు హయాములో టి.డి.సి.-12, టి.డి.సి.-316 మొదలగు చిన్న కంప్యూటరులు వెలువడినవి. అట్టి యంత్రముల తరమున పరికరముల అడ్రసులు తీగల కూర్పుతోను, మీటల అమరికతోను నిర్ణయింపబడెడివి. వానిపై ప్రోగ్రాము వ్రాయువాడు ఆ అడ్రసులను తానే తెలిసియుండవలసివచ్చెను. పిమ్మటి కాలమున స్వేచ్ఛ సంస్థ లినక్స్ ఆధారముగా తెలుగు తెరగల ఆపరేటింగు సిస్టమును సమకూర్చెను. అందు మెనూలు, కిటికీలు తెలుగున పలికినను, కెర్నెల్ పలుకులు మాత్రము ఇంగ్లీషుననే యుండును. కెర్నెల్ సందేశములను అనువదించు ఏర్పాటు మూలముననే లేదు. కావున ప్రాంతము వాడుకలో నున్నదను నిరాకరణ పశ్చిమ ప్రకాశములోని పాఠశాల కంప్యూటరునందైనను, పరదేశపు పరిశోధనాలయములోనైనను ఒకే మాటలతో కనబడును. దానిని చదువగలిగినవాడు ‘ఐఓపోర్ట్స్’ ఫైలు తెఱచి ఆ చోటున ఎవరి పేరున్నదో చూచి, ఏ డ్రైవరు అడ్డుపడుచున్నదో నిర్ణయింపవచ్చును.

పరిమితులు

లెక్కకు లొంగని భాగస్వామి యొకడు నేటికిని కలడు, అది ఫర్మ్‌వేరు. ఏ.సి.పి.ఐ. అను ఏర్పాటుననుసరించి ఫర్మ్‌వేరు తనతోబాటు కొంత ప్రోగ్రామును కూడ తెచ్చుకొనును. ఉష్ణమును కొలుచుటకో, ఫ్యాను వేగమును మార్చుటకో ఆ ప్రోగ్రాము పోర్టులను నేరుగా తాకును. కెర్నెల్ వృక్షమున పేరు వ్రాయించుకొనదు. అదే చిప్పును లినక్స్ డ్రైవరు కూడ పట్టుకొన్నచో, ఒకరు అడ్రసు వ్రాసి, విలువ చదువుటకు ముందే మఱియొకరు వేఱొక అడ్రసు వ్రాయుటవలన తప్పుడు కొలతలు వచ్చుట, అరుదుగా యంత్రము ఆగుట సంభవించును. ఫర్మ్‌వేరు తన వర్ణనలో ప్రకటించిన ప్రాంతములను కెర్నెల్ ఇప్పుడు ముందే చదివి, వానితో తగవుపడు డ్రైవరునకు అనుమతి నిరాకరించును. ఈ నిరాకరణను సడలించుటకు యంత్రము మొదలగునప్పుడు ఇచ్చు సూచనయు కలదు. దానిని వాడుకరి ఇచ్చినచో, ఇరుపక్షములకును కుదిరిన ఒడంబడిక లేనందున, తరువాత కలుగు దోషములకు బాధ్యత వానిదే యగును.